చెల్లెలి పిల్లల కోసం పెట్టే సంతకం చెల్లుతుందా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక పల్లె నుంచి, ఊరి పేరు కూడా బయట పెట్టవద్దన్న విన్నపంతో ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. ఆమె వయసు 41. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త ఆటో నడుపుతారు. ఒక్కగానొక్క కూతురు ఇంటర్ చదువుతోంది. ఆమె చెల్లెలు కిడ్నీ జబ్బుతో మూడేళ్లు డయాలసిస్ మీద బతికి, రెండేళ్ల కిందట కన్నుమూశారు. చెల్లెలికి ఇద్దరు పిల్లలు, పాపకు 11 ఏళ్లు, బాబుకు 7 ఏళ్లు. చెల్లెలు ఆస్పత్రికి తిరుగుతున్న రోజుల్లోనే వాళ్లు పెద్దమ్మ ఇంటికి చేరారు. మరిది హైదరాబాదులో టైల్స్ పని చేస్తారు. భార్య పోయిన తరువాత ఆరు నెలలు నెలకు 3,000 రూపాయల చొప్పున పంపి, ఆపేశారు. నిరుడు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మొన్న సంక్రాంతికి వచ్చి, బాబును తనతో తీసుకుపోతానని, పాప పెద్దమ్మ దగ్గరే ఉండవచ్చని, చెల్లెలికి పుట్టింటివారు పసుపు కుంకుమ కింద రిజిస్టరు చేసి ఇచ్చిన 90 సెంట్ల జీడితోటను అమ్మేద్దామని చెప్పి వెళ్లారు.

పాప చదువుతున్న ప్రైవేటు బడిలో అయిదో తరగతి అయిపోతోంది. ఆరో తరగతికి జిల్లా పరిషత్ హైస్కూలులో చేర్చాలంటే టీసీ కావాలి, దానికి తండ్రి సంతకం కావాలని బడివారు అంటున్నారట. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మరిది చేత రాయించుకుంటే సరిపోతుందని ఊరి పెద్ద ఒకరు, పిల్లలను దత్తత తీసేసుకోమని ఆడపడుచు, కోర్టులో గార్డియన్ ఓపీ వేయమని తెలిసిన గుమాస్తా చెబుతున్నారట. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "పాప ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ల నాన్న సంతకం తనే పెట్టేస్తోందని మొన్ననే తెలిసింది. అచ్చం ఆయన పెట్టినట్టే ఉంది. ఎందుకలా చేశావంటే, నీ సంతకం పెడితే టీచరు ఒప్పుకోదు కదా పెద్దమ్మా అంది. ఈ పిల్లలకు కాగితం మీద నేనేమవుతానో చెప్పండి."

అమ్మా, మీరు అడిగినవి చాలా ఉన్నా, ఆ ప్రోగ్రెస్ కార్డుతోనే మొదలుపెడతాను. అన్నిటిలోకీ తేలికగా, ఈ వారంలోనే తీరే కష్టం అదే. పదకొండేళ్ల పిల్ల తండ్రి సంతకాన్ని అచ్చుగుద్దినట్టు నేర్చుకున్నదంటే ఎన్ని సాయంత్రాలు కూర్చుని దిద్దుకుందో ఊహించుకుంటే నాకు బాధ కలిగింది. ఆ పిల్లకు ఆ అవసరం చట్టప్రకారం ఎన్నడూ లేదు. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వర్తించే 2009 నాటి విద్యాహక్కు చట్టం, సంరక్షకులు అన్న మాటకు అర్థం చెబుతూ, పిల్లల బాగోగులు చూస్తూ వారిని తమ దగ్గర ఉంచుకున్న వ్యక్తిని కూడా ఆ మాటలో చేర్చింది. కోర్టు నియమించిన వారే సంరక్షకులని ఆ చట్టం ఎక్కడా అనలేదు. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోవడం ఆపకూడదని, టీసీని వెంటనే ఇవ్వడం పాత బడి ప్రధానోపాధ్యాయుల బాధ్యతని కూడా అందులోనే ఉంది. కనుక చెల్లెలి మరణ ధ్రువపత్రం నకలు, మీ ఆధార్ నకలు, పిల్లలు నాలుగేళ్లుగా మీ ఇంట ఉంటున్నారని మీ గ్రామ సచివాలయం నుంచి తీసుకున్న నివాస ధ్రువీకరణ జతచేసి, బడికి ఒక పేజీ దరఖాస్తు రాయండి. కింద మీ సంతకం పెట్టి, "పెద్దమ్మ, సంరక్షకురాలు" అని రాయండి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగానే అడగండి. నా అనుభవంలో చాలా బడులు అక్కడితోనే మెత్తబడతాయి. మెత్తబడకపోతే మండల విద్యాశాఖాధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఇందుకు కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు.

ఇక మీరు అడిగిన పెద్ద ప్రశ్న. మీరు హిందువులు కనుక 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మీకు వర్తిస్తుంది. దాని ప్రకారం ఈ పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. తల్లి పోయినంత మాత్రాన ఆ స్థానం తల్లి తరఫువారికి రాదు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన, డబ్బు పంపడం మానినంత మాత్రాన ఆయన స్థానం తనంతట తానుగా పోదు. మీరు వాస్తవంలో సంరక్షకురాలు. అన్నం పెట్టడానికి, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకువెళ్లడానికి, బడికి పంపడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు, అందులో తప్పు పట్టేవారూ లేరు. అయితే వాస్తవ సంరక్షకులు పిల్లల ఆస్తి జోలికి వెళ్లకూడదని అదే చట్టం స్పష్టంగా చెప్పింది. తండ్రి వచ్చి పిల్లలను అడిగితే, మీ చేతిలో ఏ ఉత్తర్వూ లేని ఈ స్థితిలో, చట్టం మొదట ఆయన మాట వింటుంది. ఇది మీకు కష్టం కలిగించే మాటే, అయినా దీన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం న్యాయం కాదు.

వంద రూపాయల స్టాంపు కాగితం గురించి. "పిల్లలను వదినగారికి అప్పగించాను, నాకు ఏ హక్కూ లేదు" అని మరిది రాసి నోటరీ చేయించినా, ఆయన తండ్రి హక్కు ఆ కాగితంతో రద్దు కాదు. ఆయన రేపు మనసు మార్చుకుంటే ఆ కాగితం ఆయనను ఆపలేదు. అలాగని అది పనికిరానిదీ కాదు. పిల్లలు ఎప్పటి నుంచి మీ దగ్గర ఉన్నారు, ఎవరి ఇష్టంతో ఉన్నారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు అన్న మూడు సంగతులు తండ్రి సంతకంతో రాతలో ఉంటే అది రేపు ఏ కోర్టులోనైనా మంచి సాక్ష్యం. బడికి, ఆస్పత్రికి వెళ్లినప్పుడు కూడా ఉపకరిస్తుంది. అందువల్ల రాయించుకోవచ్చు. కాని హక్కులు వదులుకుంటున్నానన్న పెద్ద మాటల బదులు, ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఆ కాగితంలో తోట ఊసు ఒక్క ముక్క కూడా రాకూడదు. ఊళ్లో ఇటువంటి ఒప్పందాలు రాసేటప్పుడు "పిల్లల పోషణకు గాను తోట వారే అనుభవించుకొనునట్లు" అన్న వాక్యం అలవాటుగా దూరుతుంది. ఆ ఒక్క వాక్యమే తరువాత మీ ప్రేమను ఆస్తి కోసం వేసిన ఎత్తుగా చూపించడానికి ఎదుటి వకీలుకు ఆధారమవుతుంది.

గార్డియన్ ఓపీ అన్నది 1890 నాటి సంరక్షకులు, సంరక్షితుల చట్టం కింద వేసే దరఖాస్తు. పిల్లలు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో ఆ ప్రాంతంపై అధికారం ఉన్న జిల్లా కోర్టులో గాని, ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ గాని వేయాలి. అంటే మీరు హైదరాబాదు వెళ్లనక్కరలేదు, ఆయనే ఇక్కడికి రావాలి. ఇది మీకున్న పెద్ద వెసులుబాటు. పిల్లలు మీ ఇంట ఉన్నంత కాలమే ఉండే వెసులుబాటు అని కూడా గుర్తుంచుకోండి. ఓపీ వేయగానే తండ్రికి నోటీసు వెళుతుంది, ఆయన వాదన వినకుండా కోర్టు ఏమీ తేల్చదు. అవసరమైతే ఈలోగా పిల్లలు ఎక్కడ ఉండాలో తాత్కాలిక ఉత్తర్వు ఇస్తుంది. ఆయన ఒప్పుకుంటే కొన్ని నెలల్లో ముగుస్తుంది, పట్టుబడితే ఏళ్లు కూడా పట్టవచ్చు.

గెలుస్తామా అని మీరు అడిగారు. తండ్రి బతికి ఉండి, ఆయన అనర్హుడని కోర్టుకు తోచకపోతే ఆయనను కాదని మరొకరిని పిల్లలకు సంరక్షకులుగా నియమించరాదని 1890 చట్టంలోని 19వ సెక్షను అంటుంది. ఇది మీకు అడ్డుగోడ. మరో వైపు, పిల్లల సంక్షేమమే అన్నిటికన్నా పైమాట అని 1956 చట్టంలోని 13వ సెక్షను అంటుంది. ఇది మీకు తలుపు. ఈ రెండిటి మధ్య సుప్రీంకోర్టు రెండు వైపులా తీర్పులు ఇచ్చింది. 2008లో వచ్చిన ఒక కేసులో పిల్లవాడు అమ్మమ్మ, తాతల దగ్గర పెరుగుతున్నాడు, తల్లి చావుకు సంబంధించి తండ్రి మీద క్రిమినల్ కేసు ఉంది, తండ్రి దగ్గరకు వెళ్లనని పిల్లవాడే చెప్పాడు. బిడ్డను అమ్మమ్మ, తాతల దగ్గరే ఉంచారు. 2019లో వచ్చిన కేసు మీ ఇంటి కథకు మరింత దగ్గర. తల్లి క్యాన్సర్‌తో పోయింది, తండ్రి జబ్బున పడి ఉండగా పసిబిడ్డను తల్లి అక్కచెల్లెళ్లు ఆదుకుని పెంచారు. అయినా తండ్రి కోలుకుని అడిగినప్పుడు, ఆయనలో లోపమేమీ కనబడనందున, బిడ్డను ఆయనకే ఇచ్చారు. పెంచినవారి ప్రేమను ఆ కోర్టు శంకించలేదు, కాని తండ్రిని దూరం పెట్టడానికి ఆ ప్రేమ ఒక్కటే చాలదంది. కనుక మీరు ఓపీ వేస్తే "మేము ఎంతో ప్రేమగా చూస్తున్నాము" అన్నదానిపై కాక, రెండేళ్లలో ఆయన ఎన్నిసార్లు వచ్చారు, ఎన్నిసార్లు ఫోను చేశారు, ఎంత పంపారు, బడి ఫీజు రశీదులు ఎవరి పేరున ఉన్నాయి అన్న వివరాలపై నిలబడాలి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోను చరిత్ర, మందుల చీటీలు ఇప్పటి నుంచే ఒక సంచిలో వేసి ఉంచండి.

ఆయన వాదనలోని అతి బలహీనమైన చోటు మీ ఉత్తరంలోనే ఉంది. బాబు కావాలి, పాప అక్కరలేదు అన్నారు. తల్లిని పోగొట్టుకున్న అక్కాతమ్ముళ్లను విడదీయడం ఏ న్యాయమూర్తికీ తేలికగా మింగుడుపడదు. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని చట్టంలోనే ఉంది. పాప వయసుకు ఆ మాట బలంగా వర్తిస్తుంది, బాబుకు కొంత తక్కువ. కొన్నేళ్ల కిందట నేను చూసిన ఒక కేసులో న్యాయమూర్తి తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి తన గదిలోకి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావని అడగలేదు. రాత్రి భయమేస్తే ఎవరిని లేపుతావని అడిగారు. వాడు తడుముకోకుండా అత్తను అన్నాడు. వాడు చెప్పిన అత్త వాడి మేనత్త. పిల్లలకు ముందుగా జవాబులు నేర్పి పంపిన కేసులు కూడా చూశాను, అవి ఎంత త్వరగా బయటపడతాయో కూడా చూశాను. మీ పాపకు ఏమీ నేర్పకండి. తండ్రిని గురించి చెడుగా కూడా చెప్పకండి. ఆ మాటలు పిల్లల నోట కోర్టులో మళ్లీ వినిపిస్తాయి.

ఇప్పుడు తోట. మీ ఉత్తరంలో దీనికి నాలుగే వాక్యాలు ఉన్నాయి గాని, తొందర అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పసుపు కుంకుమ కింద రిజిస్టరయిన తోట మీ చెల్లెలి సొంత ఆస్తి. ఆమె వీలునామా రాయకుండా పోయారని రాశారు. అటువంటప్పుడు హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఆ తోట ఆమె భర్తకు, కూతురికి, కొడుక్కి సమానంగా చెందుతుంది. అంటే మరిదికి 30 సెంట్లు, పాపకు 30, బాబుకు 30. ఇందులో మీకు గాని, మీ అమ్మగారికి గాని వాటా లేదు. "మేము ఇచ్చిన తోట మా మనవలకే ఉండాలి" అన్న మీ అమ్మగారి ఆవేదన నాకు అర్థమవుతుంది, అయినా 30 సెంట్ల వరకు మరిది హక్కు నిజమైన హక్కే. దాన్ని ఆయన అమ్ముకుంటానంటే మీరు ఆపలేరు. పిల్లల 60 సెంట్ల మాట వేరు. సహజ సంరక్షకుడైన తండ్రి కూడా కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనరు భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానంగా రాయకూడదు. అనుమతి లేకుండా రాసిన దస్తావేజును పిల్లలు మైనారిటీ తీరిన మూడేళ్లలోగా కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. వినడానికి ఇది గట్టి రక్షణే. కాని 7 ఏళ్ల బాబు 18 దాటి వ్యాజ్యం వేసేనాటికి తోట ఇద్దరి ముగ్గురి చేతులు మారి, చెట్లు కొట్టేసి, ఇళ్ల స్థలాలై ఉంటుంది. అందుకే అమ్మకం జరగకముందే అడ్డుకోవడం మేలు.

అడ్డుకోవడానికి మీకు రెండు మూడు దారులున్నాయి. మొదటిది రెవెన్యూ దారి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి ముగ్గురు వారసుల పేర్లూ భూమి రికార్డులో ఎక్కించమని తహసీల్దారుకు దరఖాస్తు చేయించడం. పిల్లల పేర్లు అడంగల్, 1బీ అనే ఆ రికార్డుల్లో కనబడితే కొనేవారు ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. దీనికి ఖర్చు తక్కువ, శత్రుత్వమూ తక్కువ. రెండోది, అమ్మకం ప్రయత్నం నిజంగా మొదలైందని తెలిస్తే, పిల్లల తరఫున సివిల్ కోర్టులో దావా వేసి ఇంజంక్షన్, అంటే అమ్మకాన్ని ఆపే ఉత్తర్వు, తెచ్చుకోవడం. ఇందుకు మీరు ముందుగా సంరక్షకురాలిగా నియమితులు కానక్కరలేదు. మైనరు తరఫున, ఆ మైనరు ప్రయోజనానికి వ్యతిరేకమైన ప్రయోజనం లేని పెద్దవారు ఎవరైనా "నెక్స్ట్ ఫ్రెండ్"గా దావా వేయవచ్చు. ఈ సంగతి తెలియక, గార్డియన్ ఉత్తర్వు వచ్చేదాకా ఆగి, ఆస్తి పోగొట్టుకున్నవారు ఉన్నారు. సబ్ రిజిస్ట్రారుకు అర్జీ పెడితే చాలునని ఊళ్లో అనుకుంటారు. కోర్టు ఉత్తర్వు లేని అర్జీని నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి. మధ్యమధ్య ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే పత్రం, తీసి చూసుకోవడం మాత్రం మంచిది.

ఒక మాట నొచ్చుకోకుండా వినండి. తోట ఫలసాయం రెండేళ్లుగా మీరే తీసుకుంటున్నారని రాశారు. పిల్లల తిండికి, ఫీజులకే ఖర్చయిందని నేను నమ్ముతాను. కోర్టుకు మాత్రం లెక్క కావాలి. రాబోయే కోత నుంచి ఒక నోటుబుక్కు పెట్టి, ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, 80 కిలోల బస్తా ఏ ధరకు ఏ వ్యాపారి కొన్నారు, కోతకూలి, తుప్పలు కొట్టించిన కూలి ఎంత, మిగిలింది ఎంత అని తేదీలతో రాయండి. చీటీలు అందులోనే అంటించండి. మూడో వంతు మరిదిదని కూడా అందులోనే చూపించండి, పిల్లల పోషణకు ఆయన ఇవ్వవలసినదాంట్లో దాన్ని సర్దుకున్నామని రాసుకుంటే రాసుకోండి గాని, అది తనదన్న సంగతి దాచవద్దు. భూమి మీద కన్ను లేని మనిషిగా మిమ్మల్ని నిలబెట్టేది ఆ పుస్తకమే.

దత్తత సలహా మంచి మనసుతో ఇచ్చిందే. కాని దాని పర్యవసానాలు మీ ఆడపడుచు ఊహించినట్టు ఉండవు. హిందూ దత్తత చట్టం ప్రకారం ఆడపిల్ల ఉన్నవారు మరో ఆడపిల్లను దత్తత తీసుకోలేరు. మీకు కూతురు ఉంది, కొడుకు లేడు. అంటే ఆ చట్టం కింద బాబును తీసుకోవచ్చు, పాపను తీసుకోలేరు. అక్కాతమ్ముళ్లను కలిపి ఉంచాలని మీరు పడుతున్న తపన అంతా ఆ దస్తావేజుతోనే తలకిందులవుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద బంధువుల దత్తతకు ఈ అడ్డు లేదు. పెద్దమ్మ, పిన్ని, మేనమామ, అమ్మమ్మ వంటివారిని ఆ చట్టం బంధువులుగా గుర్తిస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో కేంద్ర దత్తత సంస్థ వద్ద నమోదవుతుంది, జిల్లా బాలల సంరక్షణ విభాగం మీ ఇంటి పరిస్థితులు విచారిస్తుంది, 2022 నుంచి ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు. అయిదేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా తీసుకుంటారు. ఏ చట్టం కింద వెళ్లినా ఈ దశలో తండ్రి సమ్మతి తప్పనిసరి. దత్తత జరిగితే తండ్రితో చట్టబంధం పూర్తిగా తెగుతుంది. తల్లి నుంచి ఇప్పటికే వచ్చిన వాటా పిల్లలతోనే ఉంటుంది గాని, రేపు తండ్రి ఆస్తిలో వారసత్వం ఉండదు. ఏడేళ్ల బాబు తండ్రిని ఇంకా ఫోనులో "నాన్నా" అంటున్నాడని మీరే రాశారు. ఇప్పట్లో ఈ దారి పట్టవద్దనే నా సలహా. కొన్నేళ్ల తరువాత ఆయనే ముందుకొచ్చి ఒప్పుకుంటే అప్పుడు చూడవచ్చు.

డబ్బు విషయం మీరు అడగడానికి మొహమాటపడ్డారు. పిల్లల పోషణ తండ్రి బాధ్యత, వాళ్లు మీ ఇంట ఉన్నా అది తీరిపోదు. పాత 125వ సెక్షను కింద అడిగే మనోవర్తి ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనయింది, పిల్లల తరఫున దాని కింద దరఖాస్తు వేయవచ్చు. వేస్తే ఆయన కోపగించి "అయితే పిల్లలను నాకే ఇవ్వండి" అనే అవకాశం ఎక్కువ, అందుకు సిద్ధపడి వేయాలి. ప్రభుత్వం వైపు నుంచి మిషన్ వాత్సల్య అనే బాలల సంరక్షణ పథకం కింద బంధువుల ఇంట పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు మించరాదన్న నిబంధన ఒకటి, తండ్రి బతికి ఉన్నందువల్ల ఆయన పోషించే స్థితిలో లేరనో, వదిలేశారనో విచారణలో తేలడం మరొకటి. ఈ రెండూ దాటితేనే వస్తుంది. తండ్రి లేరని రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ అబద్ధం ఒక్కటీ మీ మిగతా నిజాలన్నిటినీ ముంచుతుంది. దరఖాస్తు శ్రీకాకుళంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి, మీ ఊరి అంగన్‌వాడీ టీచరు ద్వారా మొదలుపెట్టవచ్చు.

వకీలు ఫీజు భయంతోనే ఇన్నాళ్లు ఆగానన్నారు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మీరు మహిళ, వారు పిల్లలు, రెండు విధాలా అర్హత ఉంది. శ్రీకాకుళం జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని, మీకు దగ్గరలో కోర్టు ఉన్న ఊళ్లోని మండల న్యాయసేవా కమిటీకి గాని తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే ఇరుపక్షాలను పిలిపించి మాట్లాడించే వెసులుబాటు కూడా అక్కడ ఉంది. అలా కుదిరిన రాజీ లోక్ అదాలత్ అవార్డుగా వస్తే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. స్టాంపు కాగితానికీ దానికీ ఉన్న తేడా ఇదే. మీ మరిది చెడ్డవారని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించలేదు. భార్యను మూడేళ్లు ఆస్పత్రులకు తిప్పి, అప్పులపాలై, దూరంగా వెళ్లి మరో బతుకు మొదలుపెట్టిన మనిషిగా కనిపించారు. ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఇటువంటి ఇళ్లు ఎన్ని లేవు! తోట అమ్మకం వెనుక ఆస్పత్రి అప్పు ఉందేమో అడగండి. ఉంటే ఆయన 30 సెంట్లను విడదీసి ఇచ్చే మాట రాజీలో పెట్టవచ్చు. మీ కుటుంబంలోనే ఎవరైనా న్యాయమైన ధరకు దాన్ని కొనుక్కోవచ్చు కూడా. పిల్లల వాటాను తగ్గించే షరతు ఏదైనా ఉంటే మాత్రం కోర్టు అనుమతి లేనిదే అంగీకరించకండి.

చివరగా, వేసవి సెలవులకు వచ్చి బాబును తీసుకువెళతానని ఆయన అన్న మాట. హఠాత్తుగా వచ్చి తీసుకువెళితే దాన్ని కిడ్నాప్ కేసుగా పోలీసులు మామూలుగా నమోదు చేయరు, ఆయన తండ్రి కనుక. బిడ్డకు హాని జరుగుతుందన్న భయం నిజంగా ఉంటే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయవచ్చు, జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి అటువంటి భయమేమీ లేదు. పిల్లలను ఎక్కడో దాచడం, ఆయన ఫోను ఎత్తకపోవడం మీకే చేటు చేస్తుంది. పంపనే పంపనని భీష్మించడం ఒక దారి. అప్పుడు ఆయన హైకోర్టుకు వెళ్లవచ్చు, 2019 తీర్పు ఆయనకు తోడు వస్తుంది. అడగ్గానే పంపేయడం మరో దారి. బాబు అక్కడి బడిలో చేరిపోతే, మన కోర్టుకు ఉన్న అధికారం మీదే వివాదం లేస్తుంది. మధ్యలో ఒక దారి ఉంది. ఆయన వచ్చేలోపు న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి ఉంచండి. అక్కాతమ్ముళ్లిద్దరినీ కలిపి, పది రోజులకని, తిరిగి దిగబెట్టే తేదీని వాట్సాప్‌లో ఆయన చేత రాయించుకుని పంపండి. పాపను కూడా తీసుకువెళ్లమన్నప్పుడు ఆయన ఏమంటారో, ఆ పది రోజుల్లో కొత్త ఇంట్లో పిల్లలను ఎలా చూసుకున్నారో మీకే తెలుస్తుంది. ఆయనకు మనసులో పాప మీద కూడా ప్రేమే ఉంటే అదీ తెలుస్తుంది. ఆ తేదీకి తిరిగి పంపకపోతే మీ దరఖాస్తు అప్పటికే అక్కడ ఉంటుంది, ఆ వాట్సాప్ రాత మీ చేతిలో ఉంటుంది, ఆ మర్నాడే తాత్కాలిక ఉత్తర్వు కోసం ఓపీ వేయించవచ్చు.